పరీక్షకు దాచిన పిప్పిపన్ను

లోకంలో ఎవరైనా నలుగురి పళ్ళూ బాగుండాలనే కోరుకుంటారు. పళ్ళ డాక్టరు చదువు ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్ళు మాత్రం కోరుకోరు. వాళ్ళకు కావలసింది ఒక పిప్పిపన్ను. అదీ ఏదో ఒకటి అంటే కుదరదు. దవడ పన్నయి ఉండాలి. పక్క పన్నుకు ఆనుకున్న చోట పుచ్చి ఉండాలి. ఆ పుచ్చు నరం దాకా పోకూడదు, అలాగని మరీ పైపైన కూడా ఉండకూడదు. ఇన్నీ కుదిరాక, ఆ పన్ను గల మనిషి పరీక్ష రోజున చెప్పిన వేళకు వచ్చి, కుర్చీలో కూర్చుని, పారిపోకుండా నోరు తెరవాలి. పెళ్ళిసంబంధం చూడటం ఇంతకంటే తేలిక. ఆ కాలేజీ పద్ధతే అంత. పరీక్షకు రోగిని ఎవరికి వాళ్ళే వెతికి తెచ్చుకోవాలి. రోగి లేకపోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే డాక్టరూ లేదు.

మన డాక్టరమ్మకు ఆ పన్ను ఎక్కడా దొరకలేదు.

డాక్టరమ్మ అంటే నిజానికి ఇంకా కాలేదనుకోండి. ఇంట్లో అమ్మ వేళాకోళానికి మొదలుపెట్టిన పిలుపు వీధంతా పాకింది. నాన్న సైన్‌బోర్డులు రాసే పెయింటరు. ఊళ్ళో సగం దుకాణాల నెత్తిన ఉన్న అక్షరాలు ఆయన చేతివే. కూతురు ఆఖరి ఏడాదిలోకి రాగానే ఆయన చెయ్యి ఆగలేదు. నీలం మీద తెల్లక్షరాలతో 'దంత వైద్యశాల' అని బోర్డు రాసి, మూలన నవ్వుతున్న పన్ను బొమ్మ వేసి, పన్నుకు కళ్ళూ చేతులూ కూడా పెట్టాడు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!" అని అమ్మ నెత్తి కొట్టుకుని, ఆ బోర్డును బీరువా వెనక గోడవైపు తిప్పి నిలబెట్టింది. బొమ్మ పన్ను అక్కడే చీకట్లో నవ్వుకుంటూ ఉంది.

పన్ను దొరక్కపోవడానికి తప్పు ఎవరిదయ్యా అంటే, అబద్ధమెందుకు, డాక్టరమ్మదే. మొదటినుంచీ ఆమెకు వైద్యం కంటే జాగ్రత్తల మీద మోజు. తోటివాళ్ళు సినిమాలకు పోతుంటే ఆమె చేటంత ప్లాస్టరు దవడ, మూరెడు పొడుగు బ్రష్షు చంకన పెట్టుకుని బడులన్నీ తిరిగేది. ఇలా గుండ్రంగా తోమాలి, ఇలా సందుల్లో దారం పెట్టి తీయాలి, తీపి తిన్న వెంటనే నోరు పుక్కిలించాలి అని గొంతు పోయేలా చెప్పేది. ఆమె గీసిన పోస్టరుకు మొదటి బహుమతి కూడా వచ్చింది. 'అడుసు తొక్కనేల, కాలు కడగనేల? పుచ్చనివ్వనేల, తొలిపించుకోనేల?' అని రాసిన ఆ పోస్టరును ఫ్రేము కట్టించి కాలేజీ వాళ్ళు రోగులు కూర్చునే హాల్లోనే తగిలించారు. దాని కిందే రోజూ పళ్ళు తొలిచేవాళ్ళు.

సరే, పరీక్ష ఇంకా కొన్ని నెలల్లోకి వచ్చింది, రోగి లేడు. ఏం చెయ్యాలి? తను పాఠాలు చెప్పిన బడికే మళ్ళీ వెళ్ళింది డాక్టరమ్మ. పెద్ద క్లాసుల పిల్లలను వరసగా నిలబెట్టి, టార్చి వేసి నోళ్ళు చూసింది. ఒక్కడికన్నా ఉండకపోతుందా అని ఆశ. పిల్లలు నోళ్ళు బార్లా తెరిచారు. లోపల పళ్ళు కడిగిన స్టీలు గిన్నెల్లా మెరుస్తున్నాయి.

"అక్కా, మీరు చెప్పినట్టే పడుకునే ముందు కూడా తోముతున్నాం!" అంది ఒక రెండు జడల పిల్ల గర్వంగా.

"మా ఇంట్లో నేను మా నాన్నక్కూడా నేర్పించా!" అన్నాడు ఇంకొకడు.

"శభాష్," అంది డాక్టరమ్మ. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో ఆమెకే తెలుసు. ఎప్పుడు ఏది చెప్పినా ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసే పిల్లలు, తనది మాత్రమే ఎందుకు విన్నారో అర్థం కాక ఏడుపు మొహంతో ఇంటికొచ్చింది.

ఇంట్లో తమ్ముడు సోఫాలో కాళ్ళు చాపుకుని, సీసా ఎత్తి కూల్‌డ్రింకు గటగటా తాగుతున్నాడు.

వాడికి పదిహేడేళ్ళు. చిన్నప్పుడు పంచదార డబ్బా ఎక్కడ దాచినా పట్టేసేవాడని 'చీమ' అని పేరు పెట్టారు. మీసం వచ్చినా ఆ పేరు పోలేదు, ఆ బుద్ధీ పోలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారే, ఊరందరికీ పాఠం చెప్పిన అక్క మాట ఈ చీమగాడు ఒక్కనాడూ వినలేదు. పొద్దున్నే బ్రష్షును కుళాయి కింద తడిపి, మళ్ళీ డబ్బాలో పెట్టేసి, కాస్త పేస్టు పెదవులకు రాసుకుని బయటికొచ్చే రకం. పాపం డాక్టరమ్మ వీడిమీద ఆశ వదులుకుని చాలా కాలమైంది. అందుకే వీడి నోట్లోకి తొంగిచూడాలని ఆమెకు తట్టనే లేదు.

చీమ సీసా దించి, ఒళ్ళు విరుచుకుని, నోరంతా తెరిచి ఆవలించాడు. డాక్టరమ్మ చేతిలో టార్చి ఇంకా అలాగే ఉంది.

"ఒరేయ్! కదలకు! నోరు ముయ్యకు!"

"ఏంటే? ఈగ దూరిందా?"

"మాట్లాడకు, చచ్చినా ముయ్యకు!" అని దవడ పట్టుకుని దీపం దగ్గరికి లాక్కెళ్ళింది. కుడివైపు పై దవడ పన్ను పక్కన, రెండు పళ్ళు ఆనుకున్న చోట, పంటి పింగాణీ పొర కింద చిన్న బూడిదరంగు నీడ కనబడింది. మర్నాడే కాలేజీకి తీసుకుపోయి ఎక్స్‌రే తీయించింది. విభాగం పెద్ద మేడమ్ ఆ ఫిల్మును దీపం పెట్టె మీద పెట్టి చూసి, "చోటు సరైనదే. కానీ ఇంకా చిన్నది. ఇప్పుడు తొలిస్తే తొందరపాటు. కదిలించకు, పరీక్ష నాటికి పక్వానికొస్తుంది," అంది, మామిడికాయ సంగతి చెప్పినట్టు.

డాక్టరమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తమ్ముడు పుట్టినప్పుడు కూడా ఆమె అంత సంతోషించలేదు.

"పుచ్చిందా? అయ్యో నా తండ్రీ! మరి నువ్వుండి ఏం చేస్తున్నావే, బాగుచెయ్యి!" అంది అమ్మ ఆ సాయంత్రం.

"ఇప్పుడే కాదమ్మా."

"మరెప్పుడూ?"

"పరీక్షకి. అప్పటిదాకా అలాగే ఉండాలి."

అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "ఇంట్లో డాక్టరుంటే పుచ్చిన పన్ను దాచిపెట్టుకోవాలా? మీ చదువు తగలెయ్య! ఇదెక్కడి చోద్యమే!"

చోద్యమో కాదో గానీ, చీమకు మాత్రం వ్యవహారం క్షణంలో బోధపడింది. తన నోట్లో ఉన్నది పిప్పిపన్ను కాదు, అక్క పట్టా. అంతే, వాడి దశ తిరిగింది. ఏం కావాలన్నా చెంప మీద చెయ్యి వేసుకునేవాడు.

"ఈ మూల మీదున్న క్లినిక్‌లో చూపించేసుకుందాం అనుకుంటున్నానక్కా. ఎందుకొచ్చిన బాధ."

"ఒరేయ్, నీకు నొప్పేం లేదు కదరా!"

"ఇప్పుడు లేదు. స్కూటరు తాళంచెవి ఇస్తే ఎప్పటికీ ఉండదేమో."

తాళంచెవి వాడికి వెళ్ళింది. ఫ్యాను కింద కుర్చీ వాడికి వెళ్ళింది. వాడి కాలేజీ రికార్డు పుస్తకంలో కప్ప జీర్ణవ్యవస్థ బొమ్మ డాక్టరమ్మే గీసిపెట్టింది, పేగులకు రంగులు కూడా వేసి. "నోరు చూడనివ్వరా ఒక్కసారి," అని అడిగితే దానికీ ఒక రేటు పెట్టేవాడు. ఇది భరించలేక ఆమె చూడటమే మానేసింది. ఊరికే ఎక్స్‌రేలు తీయకూడదని మేడమ్ కూడా చెప్పింది. పన్ను ఎక్కడికి పోతుంది, దవడలోనే ఉంటుంది కదా అనుకుంది.

అలా ఉండగా ఒకనాటి సాయంత్రం ఆమె క్లాసు స్నేహితురాలు, అందరూ పొడుగమ్మాయి అనే పిల్ల, వాళ్ళింటికి వచ్చి వంటింటి గుమ్మంలోనే కూలబడి భోరుమంది. ఆమె తన పరీక్షకు ఒక టైలరు షాపు కుర్రాణ్ణి చూసి పెట్టుకుంది. పన్ను కొలిచి చేసినట్టుంది. ఏం లాభం? ఆ కుర్రాడు రోజంతా మిషను ముందు కూర్చుని నోట్లో చాక్లెట్టు నానబెట్టుకునే బాపతు. పుచ్చు ఒక్క ఊపున నరం దాకా పోయింది. చెంప బన్నురొట్టెలా పొంగింది.

"పొద్దున చూసేసరికి కన్ను కూడా మూసుకుపోయిందే! వాళ్ళమ్మ నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. 'నెలలబట్టీ చూస్తూ ఊరుకున్నావు, నువ్వేం డాక్టరువి' అంది. ఆవిడన్న దాంట్లో అబద్ధమేముందే?" అని ముక్కు చీదింది. "ఆ పన్ను పీకేయాలిట. ఇక నాకు రోగీ లేడు, పరీక్షా లేదు."

డాక్టరమ్మకు రెండు బాధలు పట్టుకున్నాయి. ఒకటి స్నేహితురాలి బాధ, రెండోది చెప్పుకోవడానికి సిగ్గైన బాధ: నా చీమగాడి సంగతేమిటి? తలెత్తి చూస్తే వాడు ఫ్రిజ్ దగ్గర సీసా చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. సీసా మళ్ళీ లోపల పెట్టేసి, తలుపు మెల్లగా మూసి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి డాక్టరమ్మ కొత్త లెక్క వేసింది. ఈ లెక్కే ఆమె కొంప ముంచింది, కాబట్టి కాస్త శ్రద్ధగా వినండి. పన్ను బాగుపడకూడదు, అలాగని మరీ పాడైపోకూడదు. అంటే తమ్ముడు కాస్త జాగ్రత్తగా ఉండాలి, పూర్తి జాగ్రత్తగా ఉండకూడదు. ఆ సంగతి వాడితో ఎలా చెప్పడం? 'కొంచెం బాగా తోమరా' అని ఏ డాక్టరన్నా చెబుతుందా? కానీ తమ్ముడి సంగతి ఆమెకు పుట్టినప్పటినుంచీ తెలుసు. కొండంత చెబితే గోరంత చేస్తాడు. కాబట్టి కొండంతా చెప్పేసింది. పొద్దునా రాత్రీ తోమాలి, రోజూ సందుల్లో దారం పెట్టాలి, ఈ మందు పేస్టే వాడాలి, కూల్‌డ్రింకు మానాలి, ఏం తిన్నా నోరు పుక్కిలించాలి అంది. వాడు ఆ గోరంత చేస్తే చాలు, పుచ్చు ఎక్కడిదక్కడ నింపాదిగా నడిచి, పరీక్ష నాటికి సరిగ్గా పక్వానికొస్తుంది. తమ్ముడి మొండితనం మీద ఆమెకు అంత నమ్మకం.

"ఇవన్నీ చెయ్యాలంటే స్కూటరుకి పెట్రోలు కూడా కొట్టించాలి," అన్నాడు చీమ.

హమ్మయ్య, వీడు మారలేదు అనుకుంది డాక్టరమ్మ.

పరీక్ష రోజు వచ్చింది. కాలేజీ హాలంతా లవంగ నూనె వాసన. కుర్చీలు వరసగా, కుర్చీ కుర్చీకీ ఒక దీపం, ఒక్కో దీపం కింద ఒక్కో తెల్లకోటు. బయట బెంచీల మీద రోగుల వైభోగం చూడాలి. క్లాసులో ఎప్పుడూ ఫస్టొచ్చే అబ్బాయి ఒక బస్సు కండక్టరును పట్టుకొచ్చాడు. ఆయన నోట్లో పుచ్చని పన్నే అరుదు. ఆయనకు టీ, పేపరు, వీపు వెనక దిండు. "సార్, మీరు అటూ ఇటూ తిరక్కండి సార్, ఏం కావాలన్నా నన్నడగండి," అని ఆ అబ్బాయి ఒకటే ప్రాధేయపడుతున్నాడు. జీవితంలో ఎన్నడూ బ్రష్షు ముట్టనివాళ్ళు ఆ పూట అక్కడ రాజులు.

చీమ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. ఎన్నడూ లేంది, తాళంచెవి కూడా అడగలేదు. "భయపడకక్కా. నేనున్నాగా," అన్నాడు. డాక్టరమ్మకు నవ్వొచ్చింది, కొంచెం ధైర్యం కూడా వచ్చింది.

పరీక్షకుడు వేరే కాలేజీ నుంచి వచ్చిన పెద్దాయన. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఎక్కువ మాట్లాడకుండా ఒక్కో కుర్చీ దగ్గరా ఆగుతూ వచ్చాడు. పాత ఎక్స్‌రే, ఆ పొద్దున తీసిన కొత్త ఎక్స్‌రే రెండూ దీపం పెట్టె మీద పక్కపక్కన పెట్టాడు. చూశాడు. కళ్ళద్దాలు కిందికి దించి మళ్ళీ చూశాడు. పళ్ళు గీకి చూసే సన్న కొక్కెం తీసుకుని చీమ పన్ను మీద మెల్లగా గీశాడు. అది గాజు మీద గీసినట్టు జారిపోయింది.

"ఏం బాబూ," అన్నాడు ఆయన, "ఈ పన్నుకి ఏం చేశావు?"

చీమ మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళూ ఈ ప్రశ్న ఎవరడుగుతారా అని ఎదురుచూస్తున్నవాడిలా సర్దుకు కూర్చున్నాడు. "రెండు పూటలా తోముతున్నా సార్. బ్రష్షు తడిపి పెట్టెయ్యడం కాదు, నిజంగానే. రోజూ దారం పెడుతున్నా. మొదట్లో రక్తం వచ్చేది, ఇప్పుడు రావట్లేదు. కూల్‌డ్రింకు ముట్టుకోలేదు. కాలేజీలో మా వాళ్ళు తాగుతుంటే నేను నీళ్ళు తాగేవాణ్ణి, వాళ్ళు నవ్వేవాళ్ళు కూడా. ఎవరైనా చాక్లెట్టు ఇస్తే జేబులో వేసుకునేవాణ్ణి."

"ఎవరు చెప్పారు ఇవన్నీ?"

"మా అక్కే సార్! అక్క పరీక్ష కదా, పన్ను నీట్‌గా ఉండాలని. ఆ పొడుగక్క పేషెంటుకి అయినట్టు అవ్వకూడదని ఒక్కటి కూడా మానలేదు సార్. అక్కకి చెప్పలేదు, సర్‌ప్రైజ్ ఇద్దామని." వాడు అక్కవైపు తిరిగాడు. "బాగుంది కదక్కా?"

ఒక్కో మాటా వాడు మురిసిపోతూ చెబుతుంటే, ఒక్కో మాటా డాక్టరమ్మ నెత్తిన మొట్టికాయలా పడింది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క మాట వినని వెధవ, వినడానికి ఈ సమయమే దొరికిందా వీడికి?

"ఈ మచ్చ పెరగలేదు," అన్నాడు పరీక్షకుడు ఫిల్ముల మీద వేలు పెట్టి. "పైపొర గట్టిపడిపోయింది. పుచ్చు ఆగిపోయిందమ్మా. ఈ పన్నుని తొలవాల్సిన పన్లేదు. ఇలాగే చూసుకుంటే ఎన్నాళ్ళైనా ఉంటుంది."

మేడమ్ గబగబా వచ్చింది. ఆవిడ పరువు కూడా ఇందులో ఉంది. గొంతు తగ్గించి, "సార్, మంచి పిల్ల సార్. చేతిపని చాలా బావుంటుంది. మచ్చ ఉండటం అయితే ఉంది కదండీ. కొంచెం తెరిచి మూసేస్తే ఎవరికి నష్టం? పైగా ఇంట్లో వాడే," అంది.

పెద్దాయన వెంటనే కాదనలేదు. డాక్టరమ్మవైపు తిరిగాడు. "నేను కాదన్నానా? ఒక్కో డాక్టరు ఒక్కోలా చూస్తాడు. నువ్వు దీన్ని పుచ్చు అంటే నేను పుచ్చనే రాసుకుంటాను, నువ్వు తొలువు, నేను మార్కులేస్తాను. పేషెంటు నీవాడు, నువ్వే చెప్పు," అని చేతులు కట్టుకు నిలబడ్డాడు.

ఇంక ఏముంది? అదృష్టం తలుపు తట్టింది. డాక్టరమ్మ మత్తు సూది చేతిలోకి తీసుకుంది. బీరువా వెనక బోర్డు గుర్తొచ్చింది. నాన్న నిచ్చెన మీద నిలబడి, ఎండలో ఎవరెవరి పేర్లో రాసి తనను చదివించిన సంగతి గుర్తొచ్చింది. కాస్త తొలిచి, కాస్త సిమెంటు పెట్టి మూస్తే సాయంత్రానికి తను డాక్టరు. లోకంలో ఎంతమంది తొలవలేదు, ఎన్ని మంచి పళ్ళు తొలవలేదు!

చీమకు సూదంటే చచ్చే భయం. చిన్నప్పుడు టీకా వేయించడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చేది. వాడు పెద్దవాళ్ళ మాటలన్నీ విన్నాడు, అర్థమైంది కూడా. కళ్ళు గట్టిగా మూసుకుని, కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, నోరు ఎంత తెరవగలడో అంతా తెరిచాడు.

"పొడిచెయ్యక్కా," అన్నాడు తెరిచిన నోటితోనే, మాట సరిగ్గా రాకుండా. "నేనేం అనను."

ఆ నోట్లోకి దీపం వెలుగు పడింది. ఎన్నేళ్ళుగానో బడిబడికీ తిరిగి గొంతు చించుకుని ఆమె ఏ నోరు కావాలని అడిగిందో అదే నోరు. చిగుళ్ళు లేత గులాబీ రంగులో ఉన్నాయి. ఆ దవడ పన్ను మీద తడి మెరుస్తోంది. డాక్టరమ్మకు వాడి మీద పట్టలేనంత కోపమొచ్చింది, పట్టలేనంత ప్రేమా వచ్చింది.

సూది ట్రేలో పెట్టేసింది. "పుచ్చు లేదు సార్," అంది.

"గట్టిగా చెప్పు."

"పుచ్చు లేదు. తొలవను." ఆ మాటతో పాటు ఏడుపూ వచ్చేసింది. మాస్కు ఉండబట్టి సగం మొహమైనా దాగింది.

పెద్దాయన తలూపి, కాగితం మీద 'రోగికి చికిత్స చేయలేదు' అని రాశాడు. అదే నిజం కూడా. తొలవని పన్నుకు, పెరగనివ్వని పుచ్చుకు మార్కులు వేసే చోటు ఆ కాగితంలో లేదు. వేరే రోగి ఉన్నాడా అని అడిగితే లేడంది. మళ్ళీ పరీక్ష ఆరు నెలల తర్వాతే. వెళ్ళబోతూ ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"అమ్మా, ఏమీ అనుకోకపోతే, ఆ రెండు ఎక్స్‌రేలూ నాకిస్తావా? ఇన్నేళ్ళుగా జాగ్రత్తలు పాటిస్తే పుచ్చు ఆగిపోతుందని పాఠం చెబుతూనే ఉన్నాను గానీ, నిజంగా పాటించిన వయసు పిల్లాణ్ణి ఇదే చూడటం. మా పిల్లలకి చూపిస్తాను."

ఇచ్చేసింది. ఏం చేస్తుంది? పక్క కుర్చీలో బస్సు కండక్టరుగారి పన్ను గిర్రున తొలుస్తున్నారు. ఫస్టొచ్చే అబ్బాయి మళ్ళీ ఫస్టొచ్చాడు. గోడ మీద 'అడుసు తొక్కనేల' పోస్టరు అందరినీ చూస్తోంది.

బస్సు దిగి సందు మలుపు తిరిగాక చీమ అడిగాడు. "నేను చెడగొట్టానా అక్కా?"

"లేదురా, బాగుచేశావు. అదే వచ్చిన తంటా."

ఇంట్లో సంగతి విని అమ్మ కుర్చీలో కూలబడింది. "పన్ను బాగుంటే ఫెయిలు చేశారా? ఎవరికైనా చెబితే నవ్విపోతారే! మా కాలంలో ఇలాంటి చదువులు లేక బతికిపోయాం," అని కళ్ళొత్తుకుంది. నాన్న బీరువా వెనక్కి వెళ్ళి, బోర్డు అంచు మీద దుమ్ము తుడిచి, దాన్ని మళ్ళీ గోడవైపే నిలబెట్టాడు. "పోన్లే తల్లీ. ఎవరైనా అడిగితే రంగు ఇంకా ఆరలేదని చెబుదాం. నా రంగులు నిదానంగానే ఆరతాయి," అన్నాడు. ఆ మాటకు డాక్టరమ్మకు పొద్దుట్నుంచీ ఆపుకున్నదంతా బయటికి వచ్చేసింది.

అది చాలదన్నట్టు మేడమ్ ఫోను చేసింది. రెండు ఓదార్పు మాటలు చెప్పి, అసలు సంగతికొచ్చింది. "ఎలాగూ ఈ ఆరు నెలలూ నీకు తీరికే కదమ్మా. వచ్చే వారం నుంచి బడుల్లో పళ్ళ జాగ్రత్తల క్యాంపు నువ్వే నడిపించాలి. నీలా చెప్పేవాళ్ళు మనకెవరున్నారు? నువ్వు చెబితే పిల్లలు నిజంగా వింటారు."

"అదేగా మేడమ్ నా ఖర్మ," అందామనుకుంది డాక్టరమ్మ. "అలాగే మేడమ్," అంది.

భోజనాలయ్యాయి. వాష్‌బేసిను దగ్గర చీమ బ్రష్షు చేత్తో పట్టుకుని, కుళాయి తిప్పకుండా అలాగే నిలబడి ఉన్నాడు. అక్క రావడం చూసి తల దించుకున్నాడు.

"అక్కా, ఒకటడగనా? తిట్టకూడదు. ఇవాళ్టి నుంచి నేను తోమడం మానేస్తే, మళ్ళీ కూల్‌డ్రింకులు మొదలెడితే, ఆరు నెలల్లో అది నీకు పనికొచ్చేలా పుచ్చుతుందా?"

ఏ అక్కయినా ఛీ అదేం మాటరా అని వెంటనే అనాలి. డాక్టరమ్మ అనలేదు. పై దవడ పన్ను, పదిహేడేళ్ళ ఒంట్లో పళ్ళు, రోజూ సీసాడు తీపి, ఎండిపోయిన బ్రష్షు: ఆమె చదువుకున్న చదువంతా తనకు తానే లెక్క కట్టేసింది. పుచ్చుతుంది. చక్కగా, మేడమ్ మెచ్చుకునేంత కొలతగా పుచ్చుతుంది. ఆ లెక్క పూర్తయ్యేదాకా తను ఆగిందని తెలిసి డాక్టరమ్మకు ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది.

చీమ ఆమె మొహంలోకే చూస్తున్నాడు. "పుచ్చుతుంది కదూ?"

ఆమె వాడి చేతిలో బ్రష్షు లాక్కుంది. దాని మీద పేస్టు పెట్టి, వాడి నోట్లో కుక్కింది. "మూసుకుని తోము. వెనక పళ్ళు కూడా. గుండ్రంగా."

చీమ తోమాడు. వెనక పళ్ళు, లోపలివైపు, గుండ్రంగా, ఆమె బడుల్లో ఎలా చూపించేదో అచ్చం అలాగే తోమాడు. నోటినిండా నురగతో అద్దంలోంచే అడిగాడు.

"మరి వచ్చే పరీక్షకి ఎవర్ని తెస్తావే?"

"ఏమోరా," అంది డాక్టరమ్మ. "ముందు ఉమ్మెయ్. తర్వాత దారం తియ్యి."